అడగడం కాదు, చూడాలన్న మా చాచా

మా చాచా పోయారన్న సంగతి నాకు అరగంట ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం నేను కావాలని చేసుకున్నదే.

మా బడి చర్ల దాటి లోపలికి వెళ్తే వస్తుంది. అక్కడ ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఆ పొద్దున వరండాలో పిల్లల హాజరు తీసుకుంటుంటే బల్ల మీది ఫోన్‌లో ఒక్కసారిగా నాలుగు మిస్డ్ కాల్స్ కనిపించాయి. నాలుగూ భద్రాచలంలో ఉండే చాచా కూతురివే. ఫోన్ బోర్లా పెట్టి హాజరు పూర్తి చేశాను. బోర్డు మీద తేదీ రాశాను. రెండో తరగతి వాళ్ల చేత మూడో ఎక్కం రెండుసార్లు చెప్పించాను. నేను ఫోన్ చేయనంతసేపూ ఆయన ఉన్నట్టేనని ఒక పిచ్చి ధైర్యం.

చివరికి చేశాను. ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు అది.

"అక్కా, అబ్బా పోయిండు. తెల్లారుజామున. నీకు తప్పకుండ చెప్పమన్నది అమ్మీ" అంది.

వెంటనే బయల్దేరాను. కానీ అప్పటికే రెండు రోజులుగా ముసురు. దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చింది. ఇవతల నాలుగు ఆటోలు, అవతల ఒక బస్సు, మధ్యలో ఎర్రటి నీళ్లు. ఆ ఒడ్డున మధ్యాహ్నం దాకా నిలబడి వెనక్కి వచ్చేశాను. ఆయన్ని మట్టిలో పెట్టేటప్పటికి నేను బడిలోనే ఉన్నాను.

చాచా నాకు చుట్టం కాదు. మాది సత్తుపల్లి వైపు, వేంసూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆయనది మూడు తరాలుగా భద్రాచలంలో రిపేరు పని మీద బతికే ముస్లిం కుటుంబం. తండ్రి గడియారాలు బాగుచేసేవారట. చాచా రేడియోలతో మొదలుపెట్టి, టేపురికార్డర్లు, టీవీలు దాటి, నలభై ఏళ్లు నిండాక కంప్యూటర్లు పట్టుకున్నారు. ఎవరూ నేర్పలేదు. పాడైనవాటిని విప్పి, మళ్లీ బిగించి, ఎందుకు పనిచేయడం లేదో ఆలోచిస్తూ నేర్చుకున్నారు. ముందు గది కొట్టు, వెనక ఇల్లు, పైన రేకులు. అందరూ చాచా అనేవాళ్లు కాబట్టి నేనూ చాచా అన్నాను. తర్వాత అది ఉత్త పిలుపుగా మిగల్లేదు.

ఆయన్ని మొదటిసారి చూసింది పదిహేనేళ్ల కిందట, మా బడి కంప్యూటర్‌ను మోసుకుని వెళ్లినప్పుడు. దాని సంగతి కొంచెం చెప్పాలి.

నాకు ఆ ఊళ్లో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకటో తరగతి పిల్లలు నన్ను చూస్తే గోడకు అతుక్కుపోయేవాళ్లు. వాళ్ల ఇళ్లలో కోయ మాట్లాడతారు. నా తెలుగు వాళ్లకు రాదు, వాళ్ల కోయ నాకు రాదు. బడి పక్కన ఒక ముసలమ్మ ఉండేది. ఊరంతా అవ్వ అనేవాళ్లు. ఆమే నాకు మాటలు నేర్పింది. నీళ్లను ఏమంటారు, ఆకలిని ఏమంటారు, భయపడకు అని ఎలా చెప్పాలి. నేను వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకుని చిన్న చిన్న పాఠాలు చేశాను. ఒక ఆఫీసు వాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్ అదే సమయంలో బడికి దానంగా వచ్చింది. పాఠాలన్నీ అందులో టైపు చేశాను. తర్వాత ఒక మైకు తగిలించి అవ్వ చెప్పే కథలు రికార్డు చేశాను. పదకొండు కథలు.

ఒక వానాకాలంలో జ్వరం వచ్చి అవ్వ పోయింది. అప్పటినుంచి ప్రతి సంత రోజూ అవ్వ కూతురు బడికి వచ్చేది. అమ్మకానికి తెచ్చిన గంప గుమ్మం దగ్గర దించి, కంప్యూటర్ ముందు నేల మీద కూర్చుని తల్లి గొంతు వినేది. ఒక కథ అయ్యేదాకా విని, లేచి, ఏమీ అనకుండా వెళ్లిపోయేది. ఒక్కసారి మాత్రం అంది. "మా ఊళ్లోళ్లు పోయినోళ్ల గొంతు పెట్టెల ఉంచొద్దన్నరు మేడం. నేనే ఉండనియ్యమన్న. జర జాగ్రత్త."

ఆ మాట విన్న నెలకే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఆన్ చేస్తే పావుగంటకు తెరుచుకునేది. కథ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. వైరస్ అన్నారు ఒకరు, దాని వయసు అయిపోయిందన్నారు ఇంకొకరు. నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక గురువారం సెలవు పెట్టి, పెట్టెనూ మానిటర్‌నూ దుప్పటిలో చుట్టి ఆటో ఎక్కాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఏ మూట కనిపించినా ఆపేవాళ్లు. ఎవరి తప్పూ కాదు, అందరికీ అందరంటే భయం.

"ఏంది మేడం ఇది? మూత తియ్యుండ్రి" అన్నాడు ఒక కానిస్టేబుల్.

నా దగ్గర స్క్రూడ్రైవర్ లేదు. ఆటో డ్రైవర్ ఇచ్చాడు. మూత తీస్తే లోపల బొంతలా దుమ్ము. కానిస్టేబుల్ టార్చి వేసి, తుపాకీ భుజం మీద సర్దుకుని లోపలికి వంగి చూస్తుంటే, ఏ తీగ తగిలి ఏది ఊడుతుందోనని ఆ తుపాకీ మొననే చూస్తూ నిలబడ్డాను. "టీచరమ్మా? పోండి" అని పంపించేశాడు.

చాచా కొట్టు చేరేసరికి పది దాటింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. గడ్డం సగం నెరిసింది. కళ్లద్దాల ఒక కాడకు తీగ చుట్టి ఉంది. ఆయన మొదట కంప్యూటర్ వంక చూడలేదు. నన్ను కూర్చోమని, లోపలికి కేకేసి తన భార్యతో, అంటే చాచీతో, నాకు మంచినీళ్లు ఇప్పించి, "దీంట్ల ఏముంది బిడ్డా?" అని అడిగారు.

ఏం పాడైందని అడిగేవాళ్లను చూశాను గానీ ఏముందని అడిగిన మెకానిక్‌ను అంతకుముందు చూడలేదు. అంతా చెప్పాను. అవ్వ గురించి, ఆమె కూతురి గురించి కూడా చెప్పాను. ఆయన అంతా విన్నారు.

తర్వాత ఆన్ చేసి చూసి, ఉపాయం చెప్పారు. లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఉందట. ఉచితంగా దొరుకుతుంది, వైరస్‌ల బాధ తక్కువ, అందులో చిన్న రకాలు ఇలాంటి ముసలి మిషన్ మీద కూడా చకచకా నడుస్తాయి. కానీ నా పాఠాలు టైపు చేసిన పాత తెలుగు ఫాంటు పాత సిస్టమ్‌లోనే తెరుచుకుంటుంది. అందుకని పాతదాన్ని తీసేయకూడదు, కొత్తదాన్ని పక్కన పెట్టాలి.

"ఒక ఇంట్ల రెండు కాపురాలన్నట్టు. పాతది ఒక అర్రల, కొత్తది ఇంకో అర్రల. నడుమ గోడ కట్టాలె. గోడ కట్టేటప్పుడు అటు పక్క సామాను ఏదన్న మిగిలిందనుకో, అది పోతది. అందుకని ముందుగాల అంత ఒక మూలకు జరపాలె."

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆయన చేసింది ఆ జరపడమే. ముందు పనికిరానివి తీసేశారు. డిస్క్ మీద చెడిపోయిన చోట్లు ఉన్నాయేమో చూడటానికి ఒక పరీక్ష పెట్టారు. అది ఒకచోట ఆగి, టక్ టక్ మని చప్పుడు చేసి, ముందుకు వెళ్లింది. చాచా ముఖం మారింది. మళ్లీ చూసి, నా వైపు తిరిగి చెప్పారు. "ఒక చోట చెడ్డది బిడ్డా. నీ పదకొండు కథల్ల ఒకటి సగం దాకనే తెరుస్తది. నేను ముట్టుకోకముందే పోయింది. దాచిపెడితే నీకు తెల్వకపోవచ్చు, గానీ నాకు తెలుస్తది గదా."

తర్వాత చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను ఒకపక్కకు చేర్చే పని. తెర మీద చిన్న చిన్న గళ్లు ఒక్కొక్కటే రంగు మారుతుంటే ఆయన కుర్చీలోంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడే తిన్నారు. అది అయ్యాక డిస్క్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే అంకెలన్నీ ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నారు. నాతో చదివించుకుని, ఒక్కో అంకె కింద గీత గీశారు. మిషన్ మరిచిపోయినా కాగితం మరిచిపోదట.

ఇక గోడ కట్టడమే మిగిలింది. అప్పుడు గమనించాను, ఆయన భయపడుతున్నారు. లేచి చేతులు కడుక్కుని వచ్చారు. తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడుచుకున్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగారు.

"ఇందులున్నది మొత్తం ఇంకో చోట గూడ ఉన్నదా? కాపీ తీసినవా?"

ఇక్కడ నేను చేసిన పని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చాచాకూ చాచీకీ తప్ప ఎవరికీ తెలియదు.

పాఠాలన్నీ పన్నెండు ఫ్లాపీల మీదికి ఎక్కించి తెచ్చాను. కథలు ఫ్లాపీల్లో పట్టవు. వాటికి కాపీ లేదు. లేదంటే ఏమవుతుందో నాకు తెలుసు. పనిలో పెట్టగలిగిన ఇంకో డిస్క్ తన దగ్గర లేదని ముందే చెప్పారు, ఖమ్మం నుంచి తెప్పించాలి, వారమో పది రోజులో. అంతదాకా కంప్యూటర్ ఇక్కడే. వచ్చే సంత రోజున గుమ్మం దగ్గర గంప దించే మనిషికి ఏం చెప్పను? పైగా సాయంత్రం బస్సు తప్పితే ఆ అడవి దారిలో ఇంకో బస్సు లేదు.

"ఉంది చాచా" అన్నాను.

"మొత్తం?"

"మొత్తం."

ఆయన తల ఊపి, "బిస్మిల్లా" అని పెదవుల్లోనే అనుకుని, కుడిచేతి చూపుడు వేలితో మీట నొక్కారు. ఎవరి మిషన్ అయినా ఆ ఆఖరి మీట ఆయనే నొక్కేవారు, యజమానిని నొక్కనిచ్చేవారు కాదు. ఎందుకని తర్వాతెప్పుడో అడిగితే, "తప్పు జరిగితే అది నా వేలు మీద ఉండాలె. నీ వేలు మీదుంటే నువ్వు బతుకంత దాన్నే చూసుకుంట కూసుంటవ్" అన్నారు.

తెర మీద ఒక నీలం గీత మెల్లగా కుడివైపు పాకడం మొదలైంది. బయట మబ్బు కమ్మింది. గీత మూడో వంతు దాటిందో లేదో పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది.

ఫ్యాన్ ఆగింది. కొట్టులో చీకటి పడి తెర ఒక్కటే వెలుగుతోంది. బల్ల కింద యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు ఆగుద్ది చాచా?"

"కొత్తల ఇరవై నిమిషాలు. ఇప్పుడు పది ఆగితే గొప్ప."

"గీత పూర్తవ్వాలంటే?"

"అరగంట పైనే."

"మధ్యలో ఆపితే?"

"ఆపరాదు. సామాను సగం ఈ అర్రల, సగం ఆ అర్రల ఉన్నది. ఇప్పుడాగితే ఏది ఏందో దానికే తెల్వది." అని నా ముఖం చూసి, భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుని, మెత్తగా అన్నారు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. పోతే పోయింది. నీ తాన కాపీ ఉన్నది గదా, మళ్ల మొదటి నుంచి చేస్త. ఒక దినం పోతది, అంతే."

ఆయన ధైర్యం చెబుతున్నారు. నా అబద్ధం మీద నిలబడి నాకే ధైర్యం చెబుతున్నారు.

"చాచా... పాఠాలే ఉన్నాయి. అవ్వ కథలు లేవు. కాపీ తీయలేదు."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, అది కోపం కంటే భయంకరంగా ఉంది. ఒక్క క్షణమే. తర్వాత ముందుకు వంగి మానిటర్ బటన్ నొక్కేశారు. తెర ఆరిపోయింది. గదంతా చీకటి.

"ఏం చేశారు చాచా?" అని అరిచినంత పని చేశాను.

"మిషన్ నడుస్తనే ఉన్నది. కరెంటు సగం తాగేది ఈ గాజు డబ్బనే. ఆర్పితే ఇంకొన్ని నిమిషాలు ఎక్కువ ఆగుతది." ఆ వెంటనే లోపలికి కేక వేశారు. "సునో! ఎదురుంగ జిరాక్స్ కొట్టోళ్ల జనరేటర్ అడుగు. వైరు గుంజుకురా. జల్దీ!"

చాచీ చెంగు తల మీదికి లాక్కుని, తీగ చుట్ట తీసుకుని పరుగెత్తింది. అప్పటికే వాన విరుచుకుపడుతోంది.

ఇక మా ఇద్దరికీ చూడటానికి ఏమీ లేదు. గీత పాకుతోందో ఆగిందో తెలియదు. చాచా పెట్టెకు చెవి ఆనించారు. రేకుల మీద వాన హోరుకు ఏమీ వినపడక, చెవి తీసి అరచెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు.

"నడుస్తున్నది" అన్నారు. కాసేపటికి, "రాస్తున్నది" అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఆ రేకు మీద పెట్టి, "నువ్వు గూడ చూడు" అన్నారు.

సన్నని వణుకు తగిలింది. మధ్య మధ్య ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. ఆయన చెయ్యి కూడా వణుకుతోందని అప్పుడే తెలిసింది. రేకులోని వణుకేదో ఆయన వేళ్ల వణుకేదో విడదీయలేకపోయాను. అవ్వ కూతురి మాట చెవిలో తిరుగుతోంది. జర జాగ్రత్త. ఆమె ఊరివాళ్లను కాదని నన్ను నమ్మింది. నేను బస్సు కోసం, నామోషీ కోసం అబద్ధమాడాను.

యూపీఎస్ కీచుమనే చప్పుడు దగ్గర దగ్గరగా వస్తోంది. ఎదురుగా జనరేటర్ తాడు లాగిన చప్పుడు, ఒక దగ్గు, మళ్లీ నిశ్శబ్దం. రెండోసారి లాగారు. దగ్గి ఆగింది. యూపీఎస్ ఇప్పుడు ఆగకుండా ఒకే కూత పెట్టింది. అదే ఆఖరు అని చెప్పనక్కర్లేకుండా తెలిసింది. చాచా పెదవులు కదులుతున్నాయి.

మూడోసారి జనరేటర్ అందుకుంది. చాచీ నిలువునా తడిసి, తీగ కొసను ఎక్కడా నీళ్లు తగలకుండా పైటలో చుట్టి, గుండెకు హత్తుకుని లోపలికి వచ్చింది. చాచా మోకాళ్ల మీద బల్ల కిందికి దూరి యూపీఎస్‌ను ఆ తీగకు తగిలించారు. కూత ఆగింది. ఆయన బల్ల కిందే ఉండిపోయి ఒక చెయ్యి పైకి చాపి పెట్టెను తడిమారు.

"ఉన్నదా?" అని నన్నే అడిగారు.

నా అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది. "ఉంది చాచా. కదులుతోంది."

మానిటర్ మాత్రం ఆయన వెంటనే వేయనివ్వలేదు. జనరేటర్ చిన్నది, దాని మీద బరువు పెట్టొద్దన్నారు. వాన తగ్గేదాకా, లైన్‌మన్ తీగ సరిచేసి అసలు కరెంటు వచ్చేదాకా అలాగే చీకట్లో కూర్చున్నాం. నా బస్సు వెళ్లిపోయింది. చాచీ తడి బట్టలు మార్చుకుని వచ్చి గడపలో కూర్చుంది.

కరెంటు వచ్చాక తెర వేశారు. నీలం గీత చివరిదాకా వెళ్లి ఆగి ఉంది. కానీ ఆయన నవ్వలేదు. "ఇది చెప్పుడు గాదు, చూడాలె" అని మిషన్ ఆపి, మళ్లీ పాత సిస్టమ్ తెరిచారు. మొదటి కథ మీద నొక్కమన్నారు. రెండుసార్లు తప్పు నొక్కాను.

ముందు బరబరమనే చప్పుడు. తర్వాత అవ్వ గొంతు సవరించుకుంది. ఆ పెట్టె తనను చూస్తోందా అని కోయలో నన్ను అడిగింది. లేదన్న నా గొంతూ వినిపించింది. ఆమె నవ్వి కథ మొదలుపెట్టింది. గడపలో చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇప్పుడేమన్నది?" అని చాచా మాటిమాటికీ అడుగుతుంటే నేను తెలుగులో చెబుతూ పోయాను. పది కథలూ పూర్తిగా, పదకొండోది ఆగినచోటిదాకా, అన్నీ తెరిచి చూసిన తర్వాతే ఆయన వీపు కుర్చీకి ఆనించారు.

ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉన్నాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కుని చాచా అన్నారు.

"మిషన్‌కు అబద్ధం చెప్పు, పర్వాలేదు. బాగుచేసేటోనికి చెప్పకు బిడ్డా."

నేను తల ఊపాను. అప్పుడు ఆయనే మొదలుపెట్టారు. కంప్యూటర్లు పట్టుకున్న కొత్తలో ఒక ఆవిడ కంప్యూటర్ తెచ్చిందట. చాచా కాపీ ఉందా అని అడిగారు, ఉందనుకుని ఆవిడ ఉందనే చెప్పింది. డిస్క్ మొత్తం తుడిచేశారు. తీరా చూస్తే, పోయిన తన కొడుకు ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. "ఆమె నన్నేమనలేదు. కుర్చీల కూసోని ఉత్త తెరను చూసి లేచి పోయింది. తిట్టినా బాగుండు" అన్నారు. ఇంకాసేపటికి, "ఈరోజు తప్పు నీదొక్కదానిదే గాదు. నేను అడిగిన. అడుగుడు గాదు, చూడాల్సి ఉండె" అన్నారు. ఆ తర్వాత ఆయన ఎవరినీ కాపీ ఉందా అని అడగలేదని విన్నాను. ఏది, చూపెట్టు అనేవారు.

మర్నాడు కొత్త అర్రలో లినక్స్ ఎక్కించారు. ఖమ్మం నుంచి డిస్క్ వచ్చాక నన్ను మళ్లీ పిలిపించి కాపీలు తీసి, ఒకటి తన దగ్గర పెట్టుకున్నారు. ఆ ముసలి మిషన్ మా బడిలో ఇంకో ఎనిమిదేళ్లు నడిచింది. అవ్వ కూతురు సంత రోజుల్లో వస్తూనే ఉంది. ఆ గురువారం ఏం జరిగిందో నేను ఆమెకు చెప్పలేదు.

ఏటా తొలకరి పడగానే చాచా ఫోన్ వచ్చేది. క్షేమం అడిగేవారు. నా సత్తుపల్లి వైపు యాసను వెక్కిరించేవారు. తర్వాత, "కాపీ తెరిచి చూసినవా? ఏది, వినిపించు" అనేవారు. ఫోన్ దగ్గర పెట్టి అవ్వ కథ వినిపించేదాన్ని. మిషన్ మారినా, పెన్‌డ్రైవ్‌లు వచ్చినా, కథలు నా ఫోన్‌లోకే చేరినా, ఆ అడగడం మానలేదు. "భయం లేనోని చేతికి నీ మిషన్ ఇయ్యకు" అనేవారు. పనిలో ఆయన ధైర్యమంతా ఆ భయంలోనే ఉండేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మూడేళ్ల కిందట చేతులకు వణుకు రోగం వచ్చింది. ఎవరూ చెప్పకముందే ఆయనే పని మానేశారు. వచ్చినవాళ్లను పక్క వీధిలో ఇంకో కొట్టుకు పంపేవారు. ఈ వేసవిలో గుండెకు ఆపరేషన్ అంటే ఖమ్మం దవాఖానాకు వెళ్లి చూశాను. మంచం మీద చిన్నగా కనిపించారు.

"డాక్టర్‌ను అడిగిన. ముందు ఏం చేస్తరు, అది తప్పితే ఏం చేస్తరు అని. నవ్విండు" అన్నారు. "నాకు నవ్వు రాలే బిడ్డా. నాకేమో కాపీ లేదాయె."

నేను నవ్వబోయాను. ఆయన కళ్లలో భయం చూసి ఆగిపోయాను. చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. చీకట్లో నాకు తోడున్న మనిషి పక్కన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చారు. రెండు నెలలు ఉన్నారు.

ఆయన పోయిన నాలుగో రోజుకు వాగు తగ్గింది. వెళ్లాను. కొట్టు షట్టర్ సగానికి దించి ఉంది. వీధి అరుగు మీద నాకు తెలియని మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకరు తమ ఊరి భజన పాటల గురించి చెబుతున్నారు, ఒకరు తమ తండ్రి రాసిన ఉత్తరాల గురించి. అన్నీ ఒకప్పుడు పాడైన మిషన్లలో ఈ కొట్టులోకి వచ్చి, బాగై వెళ్లినవే.

చాచీ నన్ను వెనక వాకిట్లోకి తీసుకెళ్లి పీట వేసింది. ఏడవమని గానీ, ఏడవొద్దని గానీ అనలేదు. టీ ఇచ్చింది. తీగ మీద చాచా చొక్కాలు మూడు ఆరేసి ఉన్నాయి. ఆయన పోయే ముందు రోజు ఉతికి ఆరేసినవట, అప్పటినుంచీ తడుస్తూ ఆరుతూ అక్కడే ఉన్నాయి. మేం కూర్చుని ఉండగానే చినుకులు మొదలయ్యాయి. నేను గ్లాసు కింద పెట్టి తీగ దగ్గరికి పోబోయాను.

"ఉండనియ్ బిడ్డా" అంది చాచీ.

"తడుస్తున్నాయి చాచీ."

"తీస్తే మడత పెట్టాలె. మడత పెట్టి యాడ పెట్టాలె?"

నేను మళ్లీ పీట మీద కూర్చున్నాను. వాన పెరిగింది. తెల్లవి రెండు, లేత నీలంది ఒకటి, మూడు చొక్కాలూ బరువెక్కి కిందికి సాగాయి. చేతుల కొసల నుంచి నీళ్లు ధార కట్టి వాకిట్లోకి కారుతున్నాయి. మేమిద్దరం చూరు కింద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయాం.